ధైర్యం చెప్పడం చాలదు, బరువు పంచుకోవాలి

"సిస్టర్ గారూ, ఒంట్లో సత్తువ లేదు. ఒక బాటిల్ ఎక్కించండి." మన ఆసుపత్రి ఓ.పి. వరండాలో ప్రతిరోజూ వినిపించే మాట ఇది. ఏమిటి బాధ అని అడిగితే వరుసగా చెబుతారు. గుండె దడ, తలపోటు, మెడ పట్టేయడం, కడుపులో గ్యాస్, ఒళ్ళు నొప్పులు, రాత్రి నిద్ర లేకపోవడం. బి.పి. చూస్తాము, షుగరు చూస్తాము, రక్త పరీక్ష చేస్తాము, డాక్టరు గారు అవసరమనుకుంటే ఇ.సి.జి. కూడా తీస్తాము. చాలామందిలో ఏదో ఒక కారణం దొరుకుతుంది. కొందరిలో మాత్రం అన్నీ సరిగానే ఉంటాయి. ఆ మాట చెప్పినప్పుడు వారి ముఖంలో సంతోషం కనిపించదు. "అయితే నా బాధ అబద్ధమా?" అన్నట్లు చూస్తారు.

వారి బాధ అబద్ధం కాదు. దాని పేరు మానసిక ఒత్తిడి. మన ఇళ్ళలో దానికి ఆ పేరు పెట్టడం అలవాటు లేదు గనుక అది గ్యాస్ పేరుతోనో, నరాల బలహీనత పేరుతోనో ఆసుపత్రికి వస్తుంది. ఈ విషయం గురించి నర్సింగు వృత్తిలో చాలా ఏళ్ళు గడిపిన దానిగా నా అభిప్రాయం ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

ముందుగా ఆ బాటిల్ సంగతి చూద్దాం. అర లీటరు గ్లూకోజ్ బాటిల్‌లో (5 శాతం) ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్. అంటే ఐదారు చిన్న చెంచాల చక్కెరతో సమానం. అర లీటరు సెలైన్ బాటిల్‌లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగిలినది నీరు. వాంతులు, విరేచనాలు అయినవారికి, నోటితో ఏమీ తీసుకోలేనివారికి ఇది ప్రాణం నిలిపే మందు. కాని కూతురి పెళ్ళి బాకీ గురించి మూడు నెలలుగా నిద్ర లేని మనిషికి ఈ ఉప్పు నీరు ఏమి చేయగలదు? ఆ రెండు గంటలు మంచం మీద పడుకొని, ఎవరో ఒకరు పక్కన కూర్చొని పలకరించడం వలన కొంత తేలికగా అనిపించవచ్చు. నిజంగా పని చేసినది ఆ విశ్రాంతి, ఆ పలకరింపు. వాటికి సూది అవసరం లేదు, డబ్బు కూడా అవసరం లేదు.

ఒత్తిడి అంటే ఏమిటి?

ఒత్తిడి అనే మాట మొదట ఇంజనీర్లది. వంతెన మీద, ఇనుప కడ్డీ మీద పడే బరువును గురించి చెప్పే మాట అది. మనుషుల శరీరం విషయంలో ఈ ఆలోచనను ప్రచారంలోకి తెచ్చినవారు హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త. కెనడాలోని మాంట్రియల్‌లో పని చేస్తూ 1936లో ఆయన ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. శరీరానికి తగిలిన దెబ్బలు వేరువేరు రకాలైనా, చలి అయినా, గాయమైనా, విపరీతమైన అలసట అయినా, శరీరం స్పందించే తీరు మాత్రం ఒకటిగానే ఉంటుందని ఆయన గమనించారు. అంతకు ముందే 1915లో అమెరికాకు చెందిన వాల్టర్ కానన్, భయం కలిగినప్పుడు శరీరం పోరాడటానికి గాని పారిపోవటానికి గాని ఎలా సిద్ధపడుతుందో వివరించారు.

ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. మామిడి తోటలో నడుస్తుండగా కాలి ముందు పాము కనిపించిందనుకోండి. మూత్రపిండాల మీద టోపీల వలె ఉండే అడ్రినల్ గ్రంథులు వెంటనే అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. కాలేయం దాచుకున్న చక్కెరను బయటికి పంపుతుంది. కండరాలు బిగుసుకుంటాయి. చెమట పడుతుంది. జీర్ణక్రియ నెమ్మదిస్తుంది. కార్టిసోల్ అనే మరొక హార్మోను ఈ స్థితిని నిలబెడుతుంది. పాము వెళ్ళిపోయిన తరువాత కొద్దిసేపటికి అన్నీ యథాస్థితికి వస్తాయి. ఇది దేవుడు మన రక్షణ కొరకు ఇచ్చిన ఏర్పాటు. పరీక్ష ముందు కొంచెం కంగారు ఉంటేనే పిల్లలు పుస్తకం తీస్తారు. అంతవరకు ఒత్తిడి మంచిదే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, అప్పు పామువలె వెళ్ళిపోదు. తాగివచ్చే భర్త వెళ్ళిపోడు. అత్తగారి పక్షవాతం వెళ్ళిపోదు. రోజుల తరబడి పాము ఎదురుగానే ఉన్నట్లు శరీరం సిద్ధంగా నిలబడి ఉంటుంది. గుండె వేగం దడగా, బిగుసుకున్న కండరాలు మెడనొప్పిగా, తలపోటుగా, తారుమారైన జీర్ణక్రియ గ్యాస్‌గా, మంటగా, విరేచనాలుగా బయటపడతాయి. షుగరు ఉన్నవారికి షుగరు అదుపు తప్పుతుంది. బి.పి. ఉన్నవారికి బి.పి. పెరుగుతుంది. మందులు సక్రమంగా వేసుకుంటున్నా తగ్గడం లేదని వచ్చేవారిని మా సిస్టర్లు ఇంటి సంగతులు అడగడానికి కారణం ఇదే. అది ఊరక ఆరా తీయడం కాదు, వైద్యంలో ఒక భాగం.

గుర్తించడం ఎలా?

ఒత్తిడి గుర్తులను మూడు చోట్ల వెదకాలి.

శరీరంలో: తరచుగా తలపోటు, మెడ, భుజాల నొప్పి, గుండె దడ, ఆకలి లేకపోవడం లేదా అదేపనిగా తినడం, నిద్ర పట్టకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మరల పట్టకపోవడం, నెలసరి సక్రమంగా రాకపోవడం.

మనసులో: చిన్న విషయానికి చిరాకు, మతిమరుపు, పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోవడం, ఏదో చెడు జరగబోతుందన్న గుబులు, ఏ పనీ మొదలుపెట్టబుద్ధి కాకపోవడం.

నడవడిలో: పిల్లలను కొట్టడం, పది మందిలోకి రాకపోవడం, సిగరెట్లు, గుట్కా, మద్యం పెరగడం, టీ మీద టీ తాగడం, రాత్రి పొద్దుపోయేవరకు ఫోను పట్టుకొని కూర్చోవడం.

ఇవి అందరిలో ఒకే తీరుగా కనిపించవు. మన ప్రాంతంలో మగవారు "బెంగగా ఉంది" అని నోరు తెరచి చెప్పరు. కోప్పడతారు, లేదా తాగుతారు, లేదా మౌనంగా తోటలోనే పడుకుంటారు. ఆడవారు ఒంటి నొప్పులు చెబుతారు. చిన్నపిల్లలు బడికి వెళ్ళే వేళకు కడుపునొప్పి అంటారు, ఆరిపోయిన పక్క తడపడం మరల మొదలవుతుంది. పెద్దవారు తిండి తగ్గించేస్తారు. కొడుకు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి ఒంటరిగా ఉన్న పెద్దవారు ఊరకే మందుల షాపుల చుట్టూ తిరుగుతుంటారు. ఎవరి ఒత్తిడి ఏ భాషలో మాట్లాడుతుందో ఇంట్లోవారికే బాగా తెలుస్తుంది. ఆ మనిషిలో ఇదివరకు లేని మార్పు వచ్చిందా అని చూడండి. అదే అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు.

అంతా టెన్షనే అని తోసివేయవద్దు

ఇక్కడ ఒక హెచ్చరిక. "నీకేమీ లేదు, అంతా టెన్షన్" అని ఇంట్లోవారే తీర్మానించడం ప్రమాదం. థైరాయిడ్ ఎక్కువగా పని చేసినా గుండె దడ, కంగారు ఉంటాయి. రక్తహీనత ఉన్నా ఆయాసం, నీరసం, దడ ఉంటాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. గుండెపోటు స్త్రీలలో ఛాతీ నొప్పి లేకుండా ఆయాసంగా, వాంతిగా, విపరీతమైన అలసటగా రావచ్చు. ఒకప్పుడు కడుపులో పుండ్లన్నీ టెన్షన్ వలననే అనుకునేవారు. 1982లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు వైద్యులు చాలా వరకు ఆ పుండ్లకు ఒక సూక్ష్మక్రిమి కారణమని కనుగొన్నారు. అందుకు వారికి 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి ముందు పరీక్ష, తరువాతే ఒత్తిడి అనే మాట. ఈ వరుసను తలక్రిందులు చేయవద్దు.

"ఆలోచించకు" అనేది మందు కాదు

ఒత్తిడిలో ఉన్నవారికి మనమందరం ఇచ్చే సలహా ఒకటే. "ఎక్కువగా ఆలోచించకు. ధైర్యంగా ఉండు." ప్రేమతోనే చెబుతాము. కాని ఆకలిగా ఉన్నవానితో ఆకలి మానుకో అన్నట్లు ఉంటుంది ఆ మాట. వినేవారికి రెండు భారాలవుతాయి. ఉన్న బాధ ఒకటి, ధైర్యంగా ఉండలేకపోతున్నానే అన్న సిగ్గు రెండవది.

నా అభిప్రాయం ఇది. ఒత్తిడి అనేది చాలా సార్లు మనసు బలహీనత కాదు, ఒక మనిషి మీద మితిమీరి పడిన బరువు. పది మంది మోయవలసిన కావడిని ఒక్కరి భుజం మీద పెట్టి, ఆ భుజానికి తైలం రాస్తే ఏమి లాభం? తైలం రాయవద్దని అనను. కాని ముందు కావడి దించాలి.

దీనికి లెక్కలు కూడా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ 2024లో జరిపిన సర్వేలో జీతం లేని ఇంటిపనికి ఆ పని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు గడుపుతున్నట్లు తేలింది. అంటే స్త్రీలు అయిదు గంటలకు దగ్గరగా, పురుషులు గంటన్నర. మన వైపు ఆడవారు ఈ అయిదు గంటలు కాక కూలికి వెళతారు, పత్తి తీస్తారు, మిరపకాయలు కోస్తారు, పాలు పితుకుతారు. అటువంటి తల్లి నీరసమని వస్తే బి కాంప్లెక్స్ సూది వేయించి ఇంటికి తీసుకువెళ్ళి, మరునాడు ఉదయం నాలుగున్నరకు ఆమెనే లేపితే జబ్బు ఎలా తగ్గుతుంది?

బరువు లెక్క వేయండి

పిల్లల నోటుపుస్తకంలో ఒక కాగితం తీసుకోండి. దానిలో మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో "నేనే చేయవలసినవి", రెండవ గడిలో "ఇంకొకరు చేయగలిగినవి", మూడవ గడిలో "నా చేతిలో లేనివి" అని వ్రాయండి. వ్రాయడం రానివారు చెబుతుంటే పిల్లల చేత వ్రాయించవచ్చు. మనసులో తిరిగే భయాలన్నీ ఒక్కొక్కటిగా ఈ గళ్ళలో పెట్టండి.

కాపు మీద మామిడి తోట ఉన్న కుటుంబం సంగతి చూద్దాం. గాలివాన వస్తుందా రాదా, నున్న మార్కెట్‌లో బంగినపల్లి ధర ఎంత పలుకుతుంది, ఇవి మూడవ గడిలోకి వెళతాయి. వాటి కోసం రాత్రంతా మేలుకొని ఉన్నా గాలి ఆగదు, ధర పెరగదు. పండు ఎప్పుడు కోయించాలి, ఎవరి బాకీ ముందు తీర్చాలి, ఇవి మొదటి గడిలోవి. నీళ్ళు పట్టడం, అత్తగారికి బి.పి. మాత్ర ఇవ్వడం, గేదెకు మేత వేయడం, పిల్లవాణ్ణి బస్సు ఎక్కించడం, బ్యాంకుకు వెళ్ళి రావడం, ఇవి రెండవ గడిలోవి. చాలా ఇళ్ళలో ఈ రెండవ గడి ఖాళీగా ఉంటుంది. అన్నీ మొదటి గడిలోనే, అదీ ఒకే మనిషి పేరు మీద ఉంటాయి.

ఆ కాగితం ఇంటి యజమాని ముందు పెట్టండి. నానమ్మ మాత్రలు పదేళ్ళ మనవడు ఇవ్వగలడు. నీళ్ళు మగవారు పట్టవచ్చు. మంచాన ఉన్న పెద్దవారిని చూసుకోవడం కోడలికి మాత్రమే రాసిపెట్టిన పని కాదు. ఆదివారం ఒక పూట ఆడబిడ్డ వచ్చి కూర్చుంటే ఆమె మూడు గంటలు కంటినిండా నిద్రపోతుంది. ఏ మందూ ఇవ్వలేని మేలు అది.

అప్పు అనే పెద్ద బరువు

కొన్ని బరువులు ఇంట్లో పంచుకున్నా తరగవు. వాటిలో మొదటిది అప్పు. ఈ విషయంలో మన జిల్లాకు ఒక చరిత్ర ఉంది. 2006 మార్చిలో, అప్పటి ఉమ్మడి కృష్ణా జిల్లాలో, స్త్రీల గుంపులకు అప్పులిచ్చే సూక్ష్మరుణ సంస్థల వసూలు పద్ధతుల మీద ఫిర్యాదులు వచ్చినప్పుడు జిల్లా అధికారులు రెండు సంస్థలకు చెందిన సుమారు 50 శాఖలను మూయించారు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు తెచ్చింది. వారం వారం వాయిదాలకు బదులు నెల వాయిదాలు ఉండాలని, వసూలు ఇంటి గుమ్మం దగ్గర కాక పంచాయతీ కార్యాలయం వంటి చోట జరగాలని అది నిర్దేశించింది.

ఆ రోజులు మనకు ఒక పాఠం నేర్పాలి. ఒకే వీధిలో పది మంది స్త్రీలకు నిద్ర పట్టకపోతే అది పది మంది బలహీనత కాదు. ఊపిరి నెమ్మదిగా పీల్చమని చెబితే చాలదు, వాయిదా పద్ధతి మారాలి.

నేడు అమలులో ఉన్న నియమాలు తెలుసుకోండి. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి తెచ్చిన నిబంధనల ప్రకారం, ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయం గల కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పును సూక్ష్మరుణంగా లెక్కిస్తారు. ఆ కుటుంబం కట్టే అన్ని అప్పుల వాయిదాలు కలిపి నెల ఆదాయంలో సగానికి మించకుండా చూసుకొని సంస్థ అప్పు ఇవ్వాలి. వసూలు కొరకు ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 గంటల తరువాత ఫోన్ చేయకూడదు. బెదిరించకూడదు, దూషించకూడదు, బంధువులను, తోటివారిని వేధించకూడదు. ఇలా జరిగితే మొదట ఆ సంస్థకే ఫిర్యాదు వ్రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. నెల రోజులలో పరిష్కారం కాకపోతే రిజర్వు బ్యాంకుకు ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది. ఫోనులో వచ్చే లోన్ యాప్‌ల మోసాలకు 1930 నంబరుకు చెప్పాలి.

ఇంట్లో అప్పు దాచవద్దు. భర్తకు తెలియకుండా భార్య, భార్యకు తెలియకుండా భర్త మోసే అప్పు అసలు కంటే ఎక్కువ బరువుగా ఉంటుంది.

పిల్లల చదువు

పదవ తరగతి కాగానే పిల్లలను విజయవాడ హాస్టళ్ళలో వేయడం మన ప్రాంతంలో ఆనవాయితీ. పిల్లల మంచి కొరకే వేస్తాము. కాని ఫోనులో మొదటి ప్రశ్న "మార్కులెన్ని?" అయితే, ఆ పిల్లవాడు రెండవ మాట చెప్పడు. "అన్నం తిన్నావా? నిద్ర పడుతుందా? స్నేహితులున్నారా?" అని అడిగి చూడండి. ఫలితాలు వచ్చే రోజున పిల్లలను ఒంటరిగా ఉంచవద్దు. పక్కింటివారి పిల్లలతో పోల్చవద్దు. తప్పిన సబ్జెక్టు సప్లిమెంటరీలో మరల వ్రాయవచ్చు. "ఏ మార్కులు వచ్చినా ఇంటికి రా" అన్న మాట పరీక్షకు ముందే చెప్పి ఉంచాలి. తప్పిన తరువాత చెబితే పిల్లలు నమ్మరు.

ప్రతిరోజూ చేయదగినవి

బరువు దించే ప్రయత్నం చేస్తూనే, శరీరానికి కొంత ఉపశమనం కూడా ఇవ్వాలి. ఖర్చు లేని పద్ధతులు ఇవి:

1. నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం: వెన్ను నిటారుగా పెట్టి కూర్చోండి. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చండి. ఆరు లెక్కపెడుతూ వదలండి. అయిదు నిమిషాలు చాలు. వదిలే సమయం ఎక్కువగా ఉండటం ముఖ్యం. దానివలన గుండె వేగం తగ్గుతుంది.

2. కండరాలు బిగించి వదలడం: పడుకొని ముందు పాదాలు, తరువాత పిక్కలు, తొడలు, పొట్ట, పిడికిళ్ళు, భుజాలు, ముఖం వరుసగా అయిదు సెకన్లు బిగించి ఒక్కసారిగా వదలండి. ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే అమెరికా వైద్యుడు దాదాపు వందేళ్ళ క్రిందట నేర్పిన పద్ధతి ఇది. నిద్ర పట్టనివారికి బాగా ఉపకరిస్తుంది.

3. నడక: ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక వంటి వ్యాయామం సూచిస్తుంది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. "పొలంలో నడుస్తూనే ఉన్నాం కదా" అంటారు. ఆ నడక ఒంటికి మంచిదే. కాని పనిని తలచుకోకుండా, తోడుతో మాట్లాడుతూ నడిచే నడక మనసుకు వేరే మేలు చేస్తుంది.

4. నిద్ర: ఒకే వేళకు పడుకొని ఒకే వేళకు లేవండి. సాయంత్రం నాలుగు దాటిన తరువాత టీ, కాఫీ మానండి. వాటిలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. ఫోను పడక దగ్గర పెట్టుకోవద్దు.

5. తిండి: ఆడవారు అందరూ తిన్న తరువాత మిగిలినది తినే అలవాటు మానాలి. ఉదయం టీ తాగి మధ్యాహ్నం రెండింటి దాకా ఉంటే కళ్ళు తిరుగుతాయి. అది ఒత్తిడి కాదు, ఆకలి.

6. ఒక మనిషి: తీర్పు తీర్చకుండా వినే మనిషిని ఒకరిని ఎంచుకోండి. అక్క కావచ్చు, స్నేహితురాలు కావచ్చు. వారితో చెప్పుకోండి. వినేవారు గుర్తుంచుకోవలసినది, వెంటనే సలహా చెప్పవద్దు, విన్నది బయట చెప్పవద్దు.

చేయకూడనివి

మద్యం నిద్ర తెస్తుందని అనుకుంటారు. తొందరగా మత్తు వస్తుంది గాని, అర్ధరాత్రి తరువాత నిద్ర చెడుతుంది, మరునాడు కంగారు పెరుగుతుంది. గుట్కా, సిగరెట్లలోని నికోటిన్ గుండె వేగాన్ని పెంచుతుంది.

అంతకంటే ప్రమాదం, చీటీ లేకుండా నిద్ర మాత్రలు కొనడం. ఆల్‌ప్రజోలాం వంటి మాత్రలు కొన్ని వారాలలోనే అలవాటు పడతాయి. ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ కూడా రావచ్చు. 2014 మార్చి నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం ఈ మాత్రలు డాక్టరు చీటీ మీదనే అమ్మాలి, కొన్నవారి పేరు రిజిస్టరులో వ్రాయాలి. ఇప్పటికే వాడుతున్నవారు సొంతంగా మానకుండా డాక్టరుకు చెప్పి క్రమంగా తగ్గించుకోవాలి.

విశ్వాసము లేకనా?

మన సంఘ కుటుంబాలలో వినిపించే మాట ఒకటుంది. "ప్రార్థన తక్కువైంది, అందుకే ఈ దిగులు." ఈ మాట అనేవారు రాజుల మొదటి గ్రంథము పందొమ్మిదవ అధ్యాయము మరొకసారి చదవాలని మనవి. ఏలీయా అంతటి ప్రవక్త అలసిపోయి, చెట్టు క్రింద పడి, చావు కోరుకున్నాడు. అతనికి మొదట దొరికినది మందలింపు కాదు. నిద్ర, రొట్టె, నీరు. మరల నిద్ర, మరల రొట్టె, నీరు. తరువాతనే మాట. నర్సుగా నాకు ఆ వరుస ఎంతో సరియైనదిగా తోస్తుంది. ప్రార్థన చేయండి, తప్పక చేయండి. ఆ తరువాత ఆ తల్లి ఇంటికి ఒక గిన్నెలో కూర కూడా తీసుకువెళ్ళండి.

ఎప్పుడు వైద్యుని కలవాలి?

రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉన్నా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, రోజువారీ పని చేసుకోలేకపోయినా అది మామూలు ఒత్తిడిని దాటింది. డిప్రెషన్ కావచ్చు. దానికి మంచి చికిత్స ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు చూసిన వంటి భయంకర సంఘటన తరువాత కొద్ది రోజులు ఉలిక్కిపడటం, వాన చప్పుడుకు గుండె దడ సహజం. నెల దాటినా అలాగే ఉంటే చూపించుకోవాలి. కాన్పు అయిన తల్లి అదేపనిగా ఏడుస్తున్నా, బిడ్డను పట్టించుకోకపోయినా ఆలస్యం చేయవద్దు.

చనిపోవాలనే మాట ఎవరి నోట వచ్చినా తేలికగా తీసుకోవద్దు. "బెదిరిస్తున్నాడులే" అనవద్దు. అటువంటి ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడగండి. అడిగినందువలన ఆ ఆలోచన పుట్టదు, అడిగినవారి దగ్గర మనసు విప్పుతారు. వారిని ఒంటరిగా విడువవద్దు. పురుగుమందులు ఇంట్లో నుంచి తీసివేసి తాళం వేసిన చోట, మరొకరి అధీనంలో ఉంచండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. పోలీసు కేసు అవుతుందని భయపడి దాచవద్దు. 2018 మే నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అటువంటి ప్రయత్నం చేసినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి, వారికి వైద్యం, సంరక్షణ అందించాలని చెబుతుంది.

టెలి మానస్ అనే ఉచిత సేవను కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించింది. 14416 నంబరుకు పగలు గాని, రాత్రి గాని ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. హింసకు గురవుతున్న స్త్రీలకు 181, వృద్ధులకు 14567 నంబర్లు ఉన్నాయి. ఈ నంబర్లు క్యాలెండరు మీద వ్రాసి పెట్టుకోండి.

"మా కాలంలో లేదా?"

"మేము ఇంతకంటే కష్టపడ్డాము, మాకు ఈ ఒత్తిడులు తెలియవు" అని పెద్దలు అంటారు. వారి కష్టం నిజమే. కాని వారి కాలంలో కూడా పిచ్చి పట్టిందని, గాలి సోకిందని, ఒంటికి పడలేదని చెప్పుకున్న జబ్బులలో ఎన్ని ఇవే అయి ఉంటాయో ఆలోచించాలి. అప్పుడు ఉమ్మడి కుటుంబంలో బిడ్డను ఎత్తుకోవడానికి నాలుగు చేతులు ఉండేవి. ఇప్పుడు ఇంట్లో ఇద్దరే, ఇద్దరూ పనికి వెళ్ళేవారే. నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ సర్వేలో పెద్దవారిలో సుమారు పది మందిలో ఒకరికి ఏదో ఒక మానసిక అనారోగ్యం ఉన్నట్లు, వారిలో ఎక్కువమందికి చికిత్స అందనట్లు తేలింది. ఇది కొద్దిమంది సమస్య కాదు, ప్రతి వీధిలోని సమస్య.

కాబట్టి మా మనవి ఏమిటంటే, ఈసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు గ్యాస్, దడ, నీరసంతో పాటు "ఈమధ్య ఇంట్లో ఇలా ఉంది" అన్న మాట కూడా చెప్పండి. అది చెప్పడం సిగ్గుపడే విషయం కాదు. మీరు చెప్పినది మా దగ్గరే ఉంటుంది. ఇంట్లోవారికి కూడా ఒక మనవి. ఈ వారం ఒక సాయంత్రం టి.వి. ఆపి, మీ ఇంట్లో అందరికంటే ముందు లేచి అందరికంటే వెనుక పడుకునే మనిషి ఎవరో చూడండి. "ధైర్యంగా ఉండు" అనకండి. "రేపటి నుంచి నీ పనుల్లో ఏది నేను చేయను?" అని అడగండి. ఆమె చెప్పిన పనిని మరునాడు ఉదయం చేయండి.